కాపు కాసిన ఏడూ, పూత రాలిన ఏడూ దేవుణ్ణి స్తుతించడం ఎలా

బైబిల్లో హబక్కూకు ప్రవక్త గ్రంథం, మూడో అధ్యాయం చివర్లో ఒక లెక్క ఉంటుంది. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవకు కాపు లేదు, చేనిలో పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. ఇన్ని లేవులు చెప్పాక ప్రవక్త, అయినా నేను యెహోవాలో ఆనందిస్తానంటాడు. నర్సంపేట దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ అంజూరం చెట్టుగానీ ఒలీవ చెట్టుగానీ ఎన్నడూ చూడలేదు. అందుకే ఆ వాక్యాన్ని తన మాటల్లోకి మార్చుకుని చదివేది: "మిర్చి పూత రాలినా, పత్తికాయ పగలకున్నా, మక్కకంకిల గింజ లేకున్నా, కొట్టంల బర్రె లేకున్నా..." అంతవరకు చదివి ఆగేది. గోడకేసి కాసేపు చూసి, అప్పుడు మిగతా మాట అనేది.

ఆ ఆగడమే ముఖ్యమని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. కొందరు ఆగకుండా దూకేస్తారు, ఇల్లు కాలుతున్నా హల్లెలూయ అంటారు. కొందరు అక్కడే ఆగిపోయి, ఇక సంఘం ముఖం చూడరు. హనుమకొండలో ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల కూడిక నడుపుతున్నాను. "స్తుతించాలని తెలుసక్కా, కానీ నోరు రాదు, ఎట్ల?" అని అడగని నెల లేదు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా: కృతజ్ఞత వేరు, స్తుతి వేరు

మన ప్రార్థనల్లో ఈ రెండూ కలిసిపోతాయి. దేవుడు చేసినదానికి చెప్పేది కృతజ్ఞత. ఆయన ఎలాంటివాడో చెప్పేది స్తుతి. ఇది పండితుల పేచీలా అనిపించొచ్చు గానీ కష్టం వచ్చినప్పుడు చాలా పనికొస్తుంది. ఆయన నా కోసం ఏం చేశాడో ఈ రోజు కనిపించకపోవచ్చు. కృతజ్ఞత చెప్పడానికి ఏమీ దొరకదు. అప్పుడు కూడా ఆయన నమ్మదగినవాడు అన్నమాట మిగిలే ఉంటుంది. కీర్తన 136 ఈ రెంటినీ జోడించి నడుస్తుంది. 26 వచనాలు, ప్రతి వచనం చివర "ఆయన కృప నిరంతరముండును." సముద్రం పాయలైనా అదే మాట, అరణ్యంలో నడిచినా అదే మాట.

మొదటి మెట్టు: బాగున్న రోజుల్లోనే అలవాటు చేసుకోండి

ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వలేం. స్తుతి కూడా అంతే. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని మొదటిసారి కీర్తనలు తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ఒంట్లో, ఇంట్లో అన్నీ బాగున్నప్పుడే నోటికి నాలుగు కీర్తనలు రావాలి.

రోజూ తెల్లవారి నాలుగింటికి లేస్తానని మొక్కుకోకండి. వారం తిరగకముందే తప్పుతారు, ఆ తప్పు చేసిన బాధ ఒకటి మిగులుతుంది. ఇప్పటికే చేస్తున్న పనికి ముడిపెట్టండి. భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక చెల్లె, "మా ఆయనది సింగరేణి, ఒక వారం ఫస్ట్ షిఫ్టు, ఒక వారం నైట్ షిఫ్టు, నాకు టైమంటూ ఎక్కడిది" అంది. ఏ షిఫ్టయినా టిఫిన్ బాక్సు కట్టక తప్పదు కదా అన్నాను. బాక్సు మూత బిగించేటప్పుడు కీర్తన 103లో ఒక వచనం పైకి చదవడం మొదలుపెట్టింది. 22 వచనాలు, మూడు వారాలు. మూడో వారానికి పుస్తకం చూసే పని లేకుండా పోయింది.

పైకి చదవాలి, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. మనసులో చదివితే టెన్షన్ దాన్ని ఇట్టే తొక్కేస్తుంది. మన చెవి విన్న మాట వేరు. మొత్తం కీర్తనల గ్రంథం చదవాలనుకునే వాళ్లకు లెక్క తేలికే: 150 కీర్తనలు, రోజుకు ఐదు చొప్పున నెల. కాకపోతే 119వ కీర్తన ఒక్కటే 176 వచనాలు, ఆ రోజు అన్నం పొయ్యి మీద పెట్టి కూర్చోకండి.

రెండో మెట్టు: రాసి పెట్టుకోండి

ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో మోషే భయపడేది కరువు గురించి కాదు. తిని తృప్తి పడ్డాక, మంచి ఇళ్లు కట్టుకున్నాక, పశువులు పెరిగాక, వెండి బంగారాలు కూడాక, ఇదంతా నా చేతి సత్తువే అనుకుంటారని భయపడతాడు. సుఖంలో మరుపు ఎక్కువ. అందుకే కీర్తనకారుడు తన ప్రాణాన్నే పిలిచి "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని చెప్పుకుంటాడు.

మా పెద్దమ్మ దీనికి పెద్ద ఏర్పాటేమీ చేయలేదు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మినప్పుడు ఇచ్చే తక్‌పట్టీలు దాచేది. బస్తాలెన్ని, తూకమెంత, ధర ఎంత, హమాలీ ఎంత పోయింది, చేతికి ఎంత వచ్చింది, అన్నీ దాని మీద ఉంటాయి. వెనకవైపు ఖాళీ. రాత్రి బడిలో నేర్చుకున్న వంకర అక్షరాలతో ఆ ఖాళీలో రెండు మూడు ముక్కలు రాసేది. "పెద్దోని ఫీజు కట్టినం. స్తోత్రం." "బోరుల నీళ్లు పడ్డయి, నూటఎనభై ఫీట్లకు. స్తోత్రం." అన్నీ ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఉండేవి. ఇంతవరకు యెహోవా సాయం చేశాడని గుర్తుగా సమూయేలు ప్రవక్త రాయి నిలబెట్టి ఎబెనెజరు అని పేరు పెట్టినట్టే ఇది, కాకపోతే రాయి బదులు కాగితం.

మీరు రాసేటప్పుడు తారీఖు వేయండి. జరిగింది జరిగినట్టు రాయండి. "దేవుడు అద్భుతంగా ఆశీర్వదించాడు" అని రాస్తే మూడేళ్ల తర్వాత చదివితే ఏం ఆశీర్వదించాడో మీకే గుర్తురాదు. "బిల్లు పద్నాలుగు వేలు, చేతిలో ఉన్నవి తొమ్మిది, మిగతా ఐదు చిన్నమ్మ సర్దింది" అని ఉంటే ఆ రోజు మొత్తం కళ్ల ముందుకొస్తుంది.

నోటితో చేసే స్తుతికి చెయ్యి కూడా తోడవ్వాలి. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం పక్కకు తీసి ఆదివారం గుడికి తెచ్చే ఆనవాయితీ మన సంఘాల్లో పాతదే. కోత పండుగకు గుమ్మడికాయ, కోడిపుంజు, కొత్త వడ్లు తెచ్చి వేలం పాడుకోవడం ఇప్పటికీ పల్లెల్లో చూస్తాం. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్‌కు వెళ్లినప్పుడు గుడి, మసీదు రెండింటి పోలికలూ కలిసిన ఆ కట్టడాన్ని చూసి మురిసిపోతాం. దాని వెనక బిషప్ అజరయ్య ఉన్నాడు. 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. ఆయన మేపిన సంఘంలో ఎక్కువమంది కూలినాలి చేసుకునే మాల మాదిగలు. పేదవాళ్లు తీసుకునేవాళ్లే తప్ప ఇవ్వలేరు అనే మాటను ఆయన ఒప్పుకోలేదు. ఇవ్వగలిగినవాడికే నా దగ్గర ఏదో ఉంది అని తెలుస్తుంది. స్తుతికి మూలం అక్కడే.

సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త

మూడు నిమిషాల్లో ముగించండి. ఫ్లాటు ఎన్ని లక్షలో చెప్పక్కర్లేదు. అన్నిటికన్నా, లేచి నిలబడ్డాక ఒకసారి వెనక వరుస దాకా చూడండి. "మేం ఉపవాసం ఉన్నాం కాబట్టే మా వాడికి వీసా వచ్చింది" అన్నప్పుడు, మీలాగే ఉపవాసం ఉండి వీసా రాని పిల్లవాడి తల్లి అక్కడే కూర్చుని ఉంటుంది. "కాబట్టే" అన్న ఒక్క ముక్క తీసేస్తే సాక్ష్యం స్తుతిగానే ఉంటుంది, ఎవరినీ పొడవదు. ఇస్తేనే దీవెన, ఎంత ఇస్తే అంత అని మైకులో చెప్పేవాళ్లంటే నాకు గిట్టదు. ఏనుమాములలో బేరం చేసుకుంటాం, గుడిలో కూడానా?

మూడో మెట్టు: దెబ్బ తగిలిన రోజు స్తుతి కోసం తొందరపడకండి

యోబు మాట అందరికీ తెలుసు. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను." క్యాలెండర్ మీద, సమాధి రాయి మీద కూడా కనిపిస్తుంది. రెండు అధ్యాయాలు దాటితే అదే యోబు తాను పుట్టిన రోజును శపిస్తాడు. ఆ మూడో అధ్యాయాన్ని ఎవరూ క్యాలెండర్‌కు ఎక్కించరు. రెండూ ఒకే మనిషి నోటి నుంచి వచ్చినవే. చివర్లో దేవుడు తప్పుపట్టింది ఎక్కువగా ఎవరిని? మొర పెట్టినవాడికి నీతులు చెప్పిన స్నేహితులను. ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నంతసేపు వాళ్లు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే పాడైంది.

మొదటి రోజు, రెండో రోజు ఏడవండి. చనిపోయిన లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా "యేసు కన్నీళ్లు విడిచెను." ఏడుపు అవిశ్వాసమైతే ఆయన ఏడ్చేవాడు కాదు.

తర్వాత, మాట వస్తున్నప్పుడు, కీర్తన 13 తీయండి. ఆరే వచనాలు. మొదటి రెండింట్లో కీర్తనకారుడు ఎన్నాళ్లు, ఎంతవరకు అని దేవుణ్ణి నిలదీస్తాడు. తర్వాతి రెండింట్లో నా వైపు చూడు, జవాబివ్వు అని అడుగుతాడు. ఐదో వచనంలో నీ కృపను నమ్ముకున్నాను అంటాడు. ఆరులో పాడతాను అంటాడు. నిలదీత, అడగడం, నమ్మకం, పాట, ఈ వరుసలో మన మాటలతో మనమే రాసుకోవచ్చు. జగిత్యాల వైపు ఒక అక్క, భర్త గల్ఫ్‌లో, కూడికలో రాసింది ఆమె అనుమతితో చెబుతున్నాను:

"ప్రభువా, నాలుగు నెలలైంది, ఆయనకు జీతం ఇయ్యలేదట. నువ్వు చూస్తున్నవా లేదా? మిత్తి కట్టే తారీఖు పదిహేను. నాకు భయమైతంది. జీతమన్న ఇప్పియ్యి, లేకుంటే మనిషినన్న ఇంటికి తోలు. పోయినేడు పాపకు డెంగీ వచ్చినప్పుడు నువ్వు ఇడిచిపెట్టలే, అది నాకు యాదికుంది. ఈ రాత్రికి ఒక్క పాట పాడి పండుకుంట."

ఇందులో దాపరికం లేదు. నువ్వు చూస్తున్నవా అని అడిగినందుకు ఆమె విశ్వాసం తగ్గలేదు. చూడని దేవుణ్ణి ఎవరైనా ఎందుకు అడుగుతారు? ఇక ఆ ఒక్క పాట దాకా కూడా రాలేని రోజులుంటాయి. కీర్తన 88 చీకటితోనే ముగుస్తుంది, వెలుగు మాటే రాదు. అది కూడా బైబిల్లోనే ఉంది. అక్కడ ఆగిపోయిన రాత్రి ఆ కీర్తన చదివి దీపం ఆర్పేయండి, చాలు.

'అందు' అన్న చిన్న ముక్క

"ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని థెస్సలొనీకయులకు పౌలు రాశాడు. 'విషయమునందు' అంటే ఆ విషయంలో ఉండగా. బిడ్డ పోయినందుకు వందనాలు అని చెప్పమని కాదు, బిడ్డ పోయిన ఆ చీకట్లో కూడా ఆయనతో మాట తెగిపోనివ్వకు అని. ఎఫెసీయులకు రాసిన దాంట్లో "సమస్తమునుగూర్చి" అని ఉంది కదా అని ఒక తమ్ముడు నన్ను పట్టుకున్నాడు. ఉంది. దాన్ని నేను పక్కన పెట్టను. కానీ అది మనిషి తనకు తానుగా, చాలా ఏళ్లకు, వెనక్కి తిరిగి చూసుకుని చెప్పే మాట. ఇంకొకడి చేత బలవంతంగా చెప్పించే మాట కాదు. శవం ఇంట్లో ఉండగా అసలే కాదు.

నాలుగో మెట్టు: ఆస్పత్రి రాత్రులు

ఇది కాస్త వివరంగా రాస్తాను, నేను పడ్డాను కాబట్టి. మా ఆయనకు పక్షవాతం వచ్చి పదకొండు రోజులు వరంగల్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూలో ఉన్నాడు. మూడో రోజు పలకరించడానికి వచ్చిన ఒకాయన బెంచీ మీద నా పక్కన కూర్చుని, "స్తుతి తగ్గిన ఇంట్లోకే శోధన వస్తదమ్మా" అన్నాడు. అన్నాక నా చేతిలో ఒక కరపత్రం పెట్టి లిఫ్టు ఎక్కాడు. ఆ మాట ఇప్పటికీ మోస్తున్నాను. అదే సాయంత్రం మా వాడకట్టు అక్క వచ్చింది. స్టీలు క్యారియర్, మీద గిన్నెలో పచ్చిపులుసు, కింద అన్నం. తినేదాకా కూర్చుంది. కీర్తన 121 చదివింది, ఎనిమిది వచనాలు. ప్రార్థన కూడా చేయలేదు. ఖాళీ క్యారియర్ తీసుకుని, "రేపు టమాట పప్పు తెస్త" అని వెళ్లిపోయింది. "సంతోషించేవారితో సంతోషించండి, ఏడ్చేవారితో ఏడవండి" అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఆ క్యారియర్.

మీరు రోగి తాలూకు మనిషైతే, ఇవి చేయండి. అర్ధరాత్రి నిద్ర రాదు. పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో పాడింది కూడా అర్ధరాత్రే, దెబ్బల మీద నెత్తురు ఆరకముందే. కానీ వార్డులో గట్టిగా పాడకండి, పక్క మంచం వాళ్లకు అప్పుడే కన్ను పట్టి ఉంటుంది. ఒక్క వచనం తీసుకోండి. ఊపిరి పీల్చేటప్పుడు సగం, వదిలేటప్పుడు సగం, పెదవులు కదిలితే చాలు. ఫోన్లో ఆరాధన వీడియోలు పెట్టుకోవద్దని నా సలహా. ఒకటి చూద్దామనుకుంటే గంటన్నర పోతుంది, ఛార్జింగూ పోతుంది, పొద్దున డాక్టర్ రౌండ్స్‌కు వచ్చేసరికి అడగాల్సినవి మరిచిపోతారు. రోగికి తెలివి ఉంటే చెయ్యి పట్టుకుని, అతనికి చిన్నప్పటి నుంచి తెలిసిన పాట మెల్లగా అందుకోండి. మా ఆయనకు మాట పడిపోయింది, కానీ పల్లవి అందుకుంటే రెండో లైను తనే లాగాడు. మాట రాని మనిషికి పాట వస్తుందని నర్సమ్మ చెప్పినా నేను నమ్మలేదు, విన్నాకే నమ్మాను.

ఐదో మెట్టు: స్తుతితో పాటు చేయాల్సిన పనులు

ఇది క్లుప్తంగా. మందులు మానకండి. స్తుతిస్తున్నాను కదా అని షుగర్ మాత్ర ఆపినవాళ్లను చూశాను. అప్పు ఉంటే ఇంట్లో చెప్పండి, సంఘంలో నమ్మకమైన ఒక్కరికి చెప్పండి. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తే అది పాపమా కాదా అన్న చర్చ పక్కనపెట్టి 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిదే, ఉచితం. సంఘ పెద్దలు ఈ నంబరును నోటీసు బోర్డు మీద రాసి పెట్టాలి. మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మొదలుపెట్టిన కట్టడం అది. ఆకలితో ఉన్నవాణ్ణి ముందు పాడమనలేదు, పనిచ్చి అన్నం పెట్టారు. పాట ఆ తర్వాత వచ్చింది.

ఆరో మెట్టు: మీ నోరు రాకపోతే పక్కవాళ్ల పాట మధ్యలో కూర్చోండి

దుఃఖంలో ఉన్నవాళ్లు మొదట మానేసేది ఆదివారం. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనొక్కదాన్నే కొయ్యబొమ్మలా ఎందుకని. వెళ్లండి. వెనక వరుసలో, తలుపు దగ్గర కూర్చోండి. పాడక్కర్లేదు. డప్పు, తబలా, ముసలమ్మల కంచుగొంతులు మీ కోసం పాడతాయి. వచ్చే ఏడు ఇంకెవరో వెనక వరుసలో కూర్చుంటారు, అప్పుడు మీ గొంతు వాళ్ల కోసం.

యేసు కూడా ఆ రాత్రి ఒక్కడే పాడలేదు. మత్తయి 26లో, బల్ల దగ్గర నుంచి లేచి, శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడు. పస్కాకు 113 నుంచి 118 దాకా కీర్తనలు పాడడం యూదుల ఆచారం. మరునాడు మధ్యాహ్నం సిలువ మీద ఆయన ఎత్తుకున్నది 22వ కీర్తన: నన్నెందుకు విడిచిపెట్టావు? రాత్రి స్తుతి, పగలు మొర, రెండూ ఒకే పుస్తకంలోవే.

ఏడో మెట్టు: బయటపడ్డాక తిరిగి రండి

లూకా 17లో పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే తిరిగి వచ్చింది ఒక్కడు, వాడూ సమరయుడు. మన నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠురోగుల కోసం ఆస్పత్రి నడిపింది, వందేళ్ల కిందటి మాట. ఊళ్లోకి రానివ్వని మనుషులను ముట్టుకుని కట్టు కట్టినవాళ్లు అక్కడ పనిచేశారు. తిరిగి రావడం అంటే కృతజ్ఞతా కూడికకు బిర్యానీ పెట్టించడం ఒక్కటే కాదు. మీరు పడిన బాధే పడుతున్న ఇంకొకరి దగ్గరికి క్యారియర్ పట్టుకుని వెళ్లడం కూడా.

బయటపడకపోతే? బొమ్మకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో షద్రకు, మేషాకు, అబేద్నెగో అన్నారు: మా దేవుడు తప్పించగలడు, తప్పించకపోయినా నీ బొమ్మకు మొక్కం. తప్పించకపోయినా అన్న మాటను వాళ్లు గుండంలో పడకముందే అనుకుని పెట్టుకున్నారు. ఇంట్లో పిల్లలతో కుటుంబ ప్రార్థన చేసేటప్పుడు దీని గురించి మాట్లాడండి. అడిగిందల్లా ఇస్తాడని మాత్రమే చెప్పి పెంచిన పిల్లలు ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజే దేవుడు లేడనేస్తారు.

మనిషి పోయిన తర్వాత వచ్చే మొదటి క్రిస్మస్ గురించి చాలామంది అడుగుతారు. స్టార్ కట్టాలా వద్దా అని. కట్టండి, కాకపోతే వాళ్లు కట్టే చోటే కట్టండి. ఆ సాయంత్రం భోజనానికి ముందు వాళ్ల పేరు పైకి పలకండి. ఏడుపు వస్తే రానివ్వండి, అన్నం తర్వాత తినొచ్చు.

మా పెద్దమ్మ పోయాక ట్రంకు పెట్టె తెరిచాం. తక్‌పట్టీలు ఏడాది వారీగా దారంతో కట్టి ఉన్నాయి. 2021లో నల్ల తామర పురుగు పడి మా వైపు మిర్చి చేలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఏడు మార్కెట్‌కు తీసుకెళ్లడానికి ఏమీ లేదు కాబట్టి తక్‌పట్టీ కూడా లేదు. దాని బదులు సంఘం క్యాలెండర్ నుంచి చింపిన డిసెంబర్ కాగితం ఉంది, నాలుగు మడతలు పెట్టి. వెనక రాసి ఉంది: "బర్రె ఈనింది. దూడ బతికింది. స్తోత్రం." కింద కొంచెం జాగా వదిలి, పెన్ను గట్టిగా ఒత్తి, ఇంకో లైను: "మిర్చి సంగతి నువ్వే చెప్పాలె."